చించిల్లాని పెంచడం

చించిల్లా అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మొదట్లో ఓపికగానే చెప్పేదాన్ని. కుందేలంత ఉండదు, ఉడుతకన్నా చాలా పెద్దది, చెవులు గుండ్రంగా, పల్చగా ఉంటాయి, తోక కుచ్చులా ఉంటుంది, ఒళ్ళంతా ఒత్తయిన బూడిదరంగు బొచ్చు. ఇంతా విని వాళ్ళు "అంటే ఎలుకేగా" అనేవారు. కొన్నాళ్ళకు నేనే ముందుగా "ఎలుకేనండీ" అనేయడం మొదలుపెట్టాను. దేని మీదా వాదించే ఓపిక లేని రోజులవి.

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మాది మూడో అంతస్తు అపార్ట్‌మెంట్. బాల్కనీ పడమటి వైపు, నిలబడి చూస్తే హైవే. నేనూ మా ఆయనా ఇంజనీరింగ్‌లో క్లాస్‌మేట్స్‌మి. పెళ్ళయి అప్పటికి పదకొండేళ్ళు. ఆయనది డేటాబేస్‌ల పని, నాది టెస్టింగ్. పిల్లలు లేరు. కొన్నేళ్ళు డాక్టర్ల చుట్టూ తిరిగాం, ఆ తర్వాత తిరగలేదు. మానేద్దామని ఇద్దరిలో ఎవరమూ అనలేదు. ఒక అపాయింట్‌మెంట్ అయ్యాక ఇంకోటి బుక్ చేయలేదు, అంతే. మా ఇంట్లో పెద్ద నిర్ణయాలన్నీ అలాగే జరిగిపోయేవి.

చించిల్లా వచ్చింది ఆ మరుసటి ఏడాది. ఆయన ఆఫీస్‌లో ఒకతను వేరే రాష్ట్రానికి మారిపోతూ, కొత్త ఇంట్లో కుదరదని, మనిషెత్తు పంజరంతో సహా దాన్ని అప్పగించాడు. "ఎవరో ఒకరు దొరికేదాకా" అంటూ మా ఆయన తెచ్చాడు. ఆయన ఎవరినీ వెతకడం లేదని నాకు తెలుసు. నేనూ అడగలేదు.

ఇచ్చినతను మగది అన్నాడు. మా ఆయన "ఒరేయ్" అని పిలవడం మొదలుపెట్టాడు. రెండు నెలలకు జంతువుల డాక్టరమ్మ చూసి ఆడది అని తేల్చింది. నేను "ఏమే"కి మారిపోయాను, ఆయన మారలేదు. ఒకే గదిలో ఒకే ప్రాణిని ఒకరం ఒరేయ్ అనీ ఒకరం ఏమే అనీ పిలిచేవాళ్ళం. అది దేనికీ పలికేది కాదు కాబట్టి గొడవ లేకపోయింది.

ఏ పనైనా చదివి గానీ మొదలుపెట్టని మనిషి ఆయన. చించిల్లాల గురించి దొరికిందల్లా చదివి, అన్నం తినేటప్పుడు నాకు చెప్పేవాడు. అప్పటికింకా అన్నం కలిసే తినేవాళ్ళం. వాటి సొంతూరు దక్షిణ అమెరికాలో, చెట్టన్నది సరిగ్గా మొలవనంత ఎత్తు కొండల మీద. పగలు బండల సందుల్లో పడుకుని, చీకటి పడే వేళకూ తెల్లవారే వేళకూ బయటికొస్తాయి. గడ్డీ గాదం, ఎండు పొదలూ తింటాయి. నీళ్ళు దొరకడమే అరుదు. గుంపులుగా బతుకుతాయి, మిగతావి మేస్తుంటే ఒకటి బండ ఎక్కి కాపలా కాస్తుంది. గద్దో నక్కో కనబడితే మొరుగుతుంది. అది వినగానే అన్నీ సందుల్లోకి దూరిపోతాయి. ఆ బొచ్చే వాటి కొంప ముంచింది. మన తలలో కుదురుకో వెంట్రుక మొలిస్తే వాటికి గుత్తులు గుత్తులుగా మొలుస్తాయి. ఆ మెత్తదనం కోసం, కోట్లు కుట్టించుకోవడానికి, కొండలకు కొండలే ఖాళీ చేశారట. "అడవిలో మిగిలినవి కొద్దిరా బాబూ. అపార్ట్‌మెంట్లలోనే ఎక్కువున్నాయి" అని దానికే చెప్పేవాడు. నేను నవ్వేదాన్ని.

ఇంకొకటి కూడా చెప్పాడు. గద్ద వచ్చి వీపు పట్టుకుంటే అది పెనుగులాడదట. పట్టు చిక్కిన చోట బొచ్చంతా ఊడదీసి వదిలేసి జారుకుంటుందట. గద్ద కాళ్ళల్లో బొచ్చు మిగులుతుంది, చించిల్లా ఉండదు.

"నొప్పి పుట్టదా?" అని అడిగాను.

"పుట్టదట. తర్వాత మళ్ళీ మొలుస్తుందట" అన్నాడు.

పెంపకంలో నియమాలు ముఖ్యంగా రెండు. తడి తగలకూడదు, వేడి తగలకూడదు. ఆ బొచ్చు ఒకసారి తడిస్తే లోపలిదాకా ఆరదు, బూజు పడుతుంది. అందుకని దాని స్నానం దుమ్ముతోనే. సంచుల్లో అమ్ముతారు, ముగ్గుపిండికన్నా మెత్తగా ఉంటుంది. వారానికి రెండుసార్లు, ఆఫీస్ నుంచి వచ్చాక, మా ఆయన నేను పులిహోర కలిపే పెద్ద గాజు గిన్నెలో దుమ్ము పోసి పంజరంలో పెట్టేవాడు. అది అందులోకి దూకి గిరగిరా పొర్లేది. ఐదు నిమిషాల్లో గదంతా తెల్లటి పొర. ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి రాలేదు. చర్చిలో ఒక సిస్టర్ "దానికి స్నానం చేయిస్తారా?" అని అడిగితే "చేయిస్తాం, మట్టితో" అన్నాను. వెటకారం చేస్తున్నాననుకుని ఆమె నెల రోజులు నాతో మాట్లాడలేదు.

వేడి సంగతి అంత తేలిక కాదు. కొండల చలికి పుట్టిన జంతువు వచ్చి టెక్సస్‌లో పడింది. దానికి చెమట పట్టదు. ఒంట్లో వేడి బయటికి పోవడానికి ఆ పల్చటి చెవులే దిక్కు. ఇంట్లో ఎనభై డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ప్రాణం మీదికొస్తుంది. అందుకని మా ఏసీ ఏడాది పొడుగునా అరవై ఎనిమిది మీద ఉండేది. ఎర్రటి ఎండాకాలంలో నేను ఇంట్లో స్వెటర్ వేసుకుని తిరిగేదాన్ని.

ఇక్కడ మా ఇంటి భాష గురించి కాస్త చెప్పాలి. "ఏసీ పెంచు" అంటే ఏమిటన్న దాని మీద మేమిద్దరం పదకొండేళ్ళలో ఒక మాట మీదికి రాలేదు. నేను పెంచమంటే చల్లదనం పెంచమని. ఆయనకు పెంచడమంటే గోడ మీది అంకె పెంచడం. నేను వణుకుతూ "తగ్గించు" అంటే వెళ్ళి అరవై ఐదు పెట్టి వచ్చేవాడు. కొత్తలో అదొక సరదా. "పెంచాలా? అంకెనా, చలినా?" అని అడిగేవాడు. "చలి" అనేదాన్ని. అడగడం ఎప్పుడు మానేశాడో గుర్తు లేదు. జంతువుని పెంచడానికీ మనకు అదే మాట. దాని విషయంలో మాత్రం మాకు ఎప్పుడూ తేడా రాలేదు.

మీ మధ్య ఏం జరిగిందని తర్వాత అందరూ అడిగారు. ఏమీ జరగలేదు. మధ్యలో ఇంకో మనిషి లేరు, తాగుడు లేదు, చెయ్యి చేసుకోవడం లేదు. చించిల్లా వచ్చిన మూడేళ్ళకు, మార్చిలో ఆయనకు దగ్గు పట్టుకుంటే, నా నిద్ర పాడవుతుందని రెండో బెడ్‌రూమ్‌లో పంజరం పక్కన పరుపు వేసుకున్నాడు. దగ్గు తగ్గింది. పరుపు అక్కడే ఉండిపోయింది. ఏప్రిల్‌లో ఒకరోజు, గిన్నెలు డిష్‌వాషర్‌లో సర్దుతూ, "సెప్టెంబర్‌లో లీజ్ అయిపోతుంది. అప్పుడు చూద్దామా?" అన్నాడు. ఏం చూడాలో నేను అడగలేదు. "సరే" అన్నాను. చేతిలో ఉన్న ప్లేట్ తుడిచి లోపల పెట్టాను. నాకు బాధ కలగలేదు. బాధ కలగనందుకు కాస్త భయం వేసింది, తర్వాత అదీ పోయింది. పన్ను పీకే ముందు మత్తు ఇంజక్షన్ ఇస్తే చెంప ఎలా ఉంటుందో, మనిషిని మొత్తం అలా అయిపోయాను. ఆఫీస్‌కి వెళ్ళాను, వచ్చాను, వండాను, పడుకున్నాను. ఎవరైనా ఎలా ఉన్నావంటే బాగున్నానన్నాను, అందులో అబద్ధం కూడా ఏమీ లేదనిపించేది.

మాట్లాడుకోవాల్సి వస్తే చించిల్లా గురించే మాట్లాడుకునేవాళ్ళం.

"గడ్డి అయిపోతోంది."

"ఆర్డర్ చేశాను."

"దుమ్ము పెట్టావా?"

"నిన్న."

సెప్టెంబర్‌లో ఎవరు ఎక్కడికి పోతారో, అసలు పోతారో లేదో, పోతే అది ఎవరి వెంట పోతుందో, ఒక్క మాట లేదు. పోవద్దని ఆయన అంటే ఉండిపోదామని నేనూ, బహుశా నేనంటే ఉండిపోదామని ఆయనా, ఇద్దరం క్యాలెండర్ వైపు చూస్తూ కూర్చున్నాం.

నోరు జారింది నేనే. మాది తెలుగు చర్చి; ఎక్కువమంది కోస్తా వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఎవరో "లీజ్ రెన్యూ చేస్తున్నారా, ఫ్రిస్కోలో ఇల్లు తీసుకుంటున్నారా?" అని అడిగారు. "ఏమో, ఇద్దరం ఒకే చోట ఉంటామో లేదో" అన్నాను. సాంబారు పోసుకుంటూ మామూలుగానే అన్నాను. వారం తిరక్కుండా సంఘపెద్ద ఫోన్ చేశారు. ఆయనది భీమవరం దగ్గర పల్లె. మా తండ్రుల వయసు, మేమంతా అంకుల్ అంటాం.

"శనివారం మూడింటికి నేనూ మీ ఆంటీ వస్తాం తల్లీ. కూర్చుని ప్రార్థన చేసుకుందాం. నువ్వేం వండొద్దు" అన్నారు.

రావద్దని చెప్పడానికి కూడా ఓపిక కావాలి. "రండి అంకుల్" అన్నాను.

అది ఆగస్టు. బయట నూట ఆరు. ఆంటీ సున్నుండల డబ్బా పట్టుకుని మూడంతస్తులెక్కి వచ్చారు. "వందనాలమ్మా" అంటూ సోఫాలో కూర్చున్న రెండు నిమిషాలకే పైట భుజాల చుట్టూ కప్పుకున్నారు.

"ఏంటమ్మా ఈ చలి! నా మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఆ ఏసీ కాస్త తగ్గించు నాన్నా."

మా ఆయన లేచి వెళ్ళి డెబ్భై నాలుగు పెట్టాడు. ఆంటీ తగ్గించమన్నది నా భాషలో. అయినా ఆయనకు ఇట్టే అర్థమైంది. పరాయివాళ్ళ మాటలు ఆయనకు ఎప్పుడూ అర్థమవుతాయి.

రెండో గదిలో అది చెక్కముక్క కొరుకుతున్న చప్పుడు వినబడుతోంది. "ఏంటది?" అన్నారు అంకుల్. "చించిల్లా అండీ" అన్నాను. "ఎలుక" అని ఆంటీ ఆయనకు తెలుగులో చెప్పారు. ప్రార్థనలో ధ్యాస చెదురుతుందని అంకుల్ ఆ తలుపు వేసి రమ్మన్నారు. నేనే వెళ్ళాను. అది ముందుకాళ్ళు ఊచల మీద పెట్టి నిలబడి నా వైపు చూసింది. "ఉండవే, వస్తాను" అని తలుపు వేశాను.

అంకుల్ నెమ్మదస్తులు. చివాట్లు పెట్టలేదు.

"చెప్పమ్మా, ప్రాబ్లమ్ ఏంటి?"

"ప్రాబ్లమ్ ఏం లేదండీ."

"ఏం లేకపోతే విడిపోవడం దేనికి?"

 అంకుల్ మా ఆయన వైపు తిరిగారు.

"నీకేం కావాలి నాన్నా? మనసులో మాట చెప్పు."

"తను ఎలా అంటే అలాగేనండి" అన్నాడు మా ఆయన, కార్పెట్ వైపు చూస్తూ.

"నువ్వు చెప్పమ్మా."

"ఆయన ఎలా అంటే అలాగేనండి" అన్నాను నేను.

అంకుల్ ముఖం వెలిగిపోయింది. "చూశావా, ఒకరి మాట మీద ఒకరికి ఎంత గౌరవమో!" అన్నారు ఆంటీతో. ఆంటీ కళ్ళొత్తుకున్నారు. మేమిద్దరం సున్నుండలు తిన్నాం.

అలా గంట దాటింది. నా మెడ వెనక చెమట పట్టింది. బాల్కనీ తలుపు మీద పడమటి ఎండ నిలువునా పడుతోంది. మూసిన గది గుర్తొచ్చింది. ఇంట్లో నువ్వు అన్నా, చర్చివాళ్ళ ముందు మా ఆయన్ని మీరు అంటాను. "ఏవండీ, ఏసీ కాస్త పెంచండి" అన్నాను. లేచి వెళ్ళాడు. గోడ దగ్గర నిలబడి వేలితో నొక్కడం చూశాను. వచ్చి కూర్చున్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన పెట్టింది ఎనభై నాలుగు. ఆంటీకి ఇంకా చలిగా ఉందేమో, ఆమె కోసం చెబుతున్నానేమో, ప్రార్థన అయ్యేదాకానే కదా అనుకున్నాడట. అడగలేదు.

"మోకరిద్దాం" అన్నారు అంకుల్. మోకాళ్ళ నొప్పుల ఆంటీయే అందరికన్నా ముందు మోకరించారు. సోఫా మీద మోచేతులు పెట్టి కళ్ళు మూసుకున్నాం. అంకుల్ ప్రార్థన లోకసృష్టి దగ్గర మొదలై, మా పెళ్ళి దాకా రావడానికే చాలాసేపు పట్టింది. మా పేర్లు చెప్పి, మా హృదయాలను మెత్తబరచమని అడుగుతుండగా రెండో గదిలో అది మొరిగింది.

చిన్న కుక్కపిల్ల గొంతు. వరసగా నాలుగైదుసార్లు. ఆగి, మళ్ళీ. ఆ చప్పుడుకు అర్థమేమిటో ఆ నలుగురిలో ఇద్దరికే తెలుసు. నేను కళ్ళు తెరవలేదు. మా గురించి దేవుడితో మాట్లాడుతున్న పెద్దమనిషిని మధ్యలో వదిలి లేవడం బాగుండదనిపించింది. మా ఆయన లేస్తాడులే అనుకున్నాను, ఆ గది ఆయనదే కదా. నేను లేస్తాననుకున్నానని ఆయన తర్వాత చెప్పాడు. మూడోసారి అది మొరగలేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేసేది ఇదే: ఆగిపోయినందుకు నేను హమ్మయ్య అనుకున్నాను.

ఆమేన్ అన్నాక నేను టీ పెట్టడానికి లేచాను. ఆయన వెళ్ళి గది తలుపు తీశాడు.

"ఇలా రా" అన్నాడు. ఆ గొంతు విని గిన్నె అక్కడే పెట్టేశాను.

లోపల సెగ ముఖానికి కొట్టింది. చల్లగా ఉంటుందని మేం వేసిన గ్రానైట్ పలక మీద అది పక్కకు పడిపోయి ఉంది. చెవులు ఎర్రగా కందిపోయాయి. మూతి చుట్టూ చొంగ. డొక్కలు ఎగసిపడుతున్నాయి.

"ఎంత పెట్టావు?"

"ఎనభై నాలుగు. పెంచమన్నావుగా."

"చలి పెంచమన్నాను."

అంతే మాట్లాడుకున్నాం. అరుచుకోవడానికి వ్యవధి లేదు. ఉన్నా మా ఇద్దరికీ అరుచుకోవడం చేతకాదు. ఆయన ఐస్‌ప్యాక్ కోసం ఫ్రీజర్ దగ్గరికీ, నేను దాన్ని మోసుకెళ్ళే పెట్టె కోసం క్లోజెట్ దగ్గరికీ పరిగెత్తాం.

ఆ ఒక్క నిమిషంలో ఆంటీ గదిలోకి వెళ్ళారు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న సీసా తీశారు. రోగుల దగ్గరికి వెళ్ళేటప్పుడు వెంట ఉంచుకునే, ప్రార్థన చేసిన ఆలివ్ నూనె. మనుషులకైతే నుదుటి మీద వేలితో ఒక చుక్క. దాని నుదురెక్కడో తెలియక కాబోలు, అరచేతిలో పోసుకుని తల నుంచి తోక దాకా రాసేశారు. "ప్రభువా, ఈ నోరులేని ప్రాణిని ముట్టు తండ్రీ" అంటున్నారు. నేను వచ్చేసరికి బొచ్చంతా అట్టలు కట్టి, బొద్దుగా కనబడే జంతువు పిడికెడు అయిపోయింది. దాని అసలు ఒళ్ళు అంత చిన్నదని అప్పటిదాకా నాకు తెలియదు.

"ఆంటీ, దానికి తడి తగలకూడదండీ."

"నీళ్ళు కాదమ్మా, నూనె" అన్నారు. చెంపల మీద కన్నీళ్ళు కారిపోతున్నాయి. ఆమెను ఏమనగలను? ఆ ఇంట్లో దాని కోసం ఏడ్చింది ఆమె ఒక్కరే.

మామూలుగా చూపించే డాక్టరమ్మ శనివారం సాయంత్రం ఉండదు. ఇలాంటి జంతువుల్ని చూసే ఎమర్జెన్సీ ఆసుపత్రి హైవే మీద ఇరవై నిమిషాలు. ఆయన డ్రైవ్ చేశాడు. పెట్టె నా ఒళ్ళో. టవల్లో చుట్టిన ఐస్‌ప్యాక్ మీద దాన్ని పడుకోబెట్టాను. ఆయన ఏసీ గాలి నా ఒడి వైపు తిప్పి, "చలే పెంచాను" అన్నాడు. నేను దాని వీపు మీద వేళ్ళు ఆనించాను. నూనెతో పాటు ఒక బొచ్చు గుత్తి నా చేతికి ఊడి వచ్చింది. నన్ను చూసి భయపడింది. మూడేళ్ళు చేత్తో గడ్డి పెట్టినదాన్ని.

ఆసుపత్రిలో ఒకమ్మాయి పెట్టె అందుకుని లోపలికి పరిగెత్తింది. కాసేపటికి డాక్టర్ తల బయటికి పెట్టి, ఒంటి మీద ఏమిటది అని అడిగాడు. "ఆలివ్ ఆయిల్" అన్నాను. ఎందుకు అని అడగలేదు. అమెరికాలో నాకు నచ్చినవాటిలో అదొకటి.

గంటన్నర కూర్చున్నాం. మా మధ్య ఒక కుర్చీ ఖాళీ. ఎదురుగా ఒక ముసలాయన చిలకని పట్టుకుని ఉన్నాడు; అది అప్పుడప్పుడూ హలో అంటే నేను హలో అన్నాను. లోపల ఏమవుతోందో అని గుండె దడదడలాడాలి. అదేమీ లేదు. చేతులకంటిన నూనె, బొచ్చు తుడుచుకోవాలని కూడా తోచలేదు. మా ఆయన వెళ్ళి పేపర్ టవల్ తడిపి తెచ్చి ఇచ్చాడు. తుడుచుకున్నాను.

డాక్టర్ వచ్చి, వేడి దిగిందని చెప్పాడు. ఆక్సిజన్ పెట్టారు, చర్మం కింద సెలైన్ ఎక్కించారు. కాస్త గడ్డి కూడా కొరికిందట. రెండు రోజులు ఇక్కడే ఉంచుతాం, బతుకుతుంది అన్నాడు. నూనె మాత్రం పోవడానికి వారాలు పడుతుంది, దుమ్ములో పొర్లిస్తూ ఉండండి అన్నాడు. మా ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకుని "థాంక్యూ" అన్నాడు, ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు. ఆయన గొంతు అలా ఉండటం విని చాలా కాలమైంది.

అంతలో ఆంటీ ఫోన్. ఇద్దరం వినేలా స్పీకర్ పెట్టాను.

"బతికిందా అమ్మా?"

"బతికిందండీ."

"స్తోత్రం! స్తోత్రం ప్రభువా! చూశావా తల్లీ, మీ ఇద్దర్నీ ఒకే కారెక్కించాడు దేవుడు. వచ్చే ఆదివారం మీరిద్దరూ కలిసి సాక్ష్యం చెప్పాలి, నేను అంకుల్‌తో అనేశాను."

సాక్ష్యమంటే దేవుడు మనకు చేసిన మేలు సంఘమంతటి ముందూ నిలబడి చెప్పడం. భార్యాభర్తలు కలిసి చెప్పారంటే ఆ కాపురానికి ఇక ఢోకా లేదన్నట్టే. నేను మాటలు వెతుక్కుంటుండగా మా ఆయన ఫోన్ వైపు వంగి "అలాగేనండి ఆంటీ" అన్నాడు.

నేను ఆయన వైపు చూశాను. ఊరికే మాటిచ్చే మనిషి కాదు. నాకు ఆశ పుట్టింది. చెప్పుకోవడానికి చిన్నతనంగా ఉంది గానీ, నాలుగు నెలల తర్వాత నాలో పుట్టిన మొదటి భావం అదే. కారెక్కగానే అందామని, "లీజ్ రెన్యూ చేద్దామా" అని లోపల కూర్చుకుంటున్నాను. తెలుగులో అనాలా, ఇంగ్లీషులోనా అని కూడా ఆలోచించాను.

అప్పుడు రిసెప్షన్ అమ్మాయి పిలిచింది. మొదటిసారి వచ్చినవాళ్ళు నింపే ఫారం, హడావుడిలో ఇవ్వడం మరిచిపోయిందట. మా ఇంట్లో ఫారాలన్నీ ఆయనవే. వీసాల కాగితాలు నింపీ నింపీ ఆయనకు ఒక పద్ధతి వచ్చేసింది: ఏ గడీ ఖాళీగా వదలడు. మనకు వర్తించని గడిలో కూడా నాట్ అప్లికబుల్ అని రాయాలట. ఖాళీ వదిలితే దాచిపెట్టామనుకుంటారని లాయర్ ఎప్పుడో చెప్పాడట. కౌంటర్ మీద వంగి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుపోయాడు. జంతువు రకం. వయసు. యజమాని పేరు అన్న చోట నా పేరు రాశాడు. అడ్రస్ రాశాడు. నా ఫోన్ నంబర్ చూడకుండా రాశాడు.

దాని కింద రెండో యజమాని అని ఒక గడి ఉంది.

అక్కడ పెన్ను ఆగింది. నేను పక్కనే నిలబడి చూస్తున్నానని ఆయనకు తెలుసు. అదే అక్షరాలతో, నాట్ అప్లికబుల్ అని రాశాడు.

"నీ దగ్గరే ఉంటుంది కదా" అన్నాడు, ఫారం మీంచి తల ఎత్తకుండా.

"నువ్వు?"

"ఆఫీస్ దగ్గర ఒకటి చూశాను. పెట్స్ అలౌ చెయ్యరట. ఇంకో రెండు చోట్ల కూడా అడిగాను. చించిల్లా అంటే ఎవరూ ఒప్పుకోలేదు."

అంటే చూశాడు. మూడు చోట్ల దాని కోసం అడిగాడు. నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

"మరి ఆంటీతో అలాగే అన్నావు?"

"బాధపడతారని."

అమ్మాయి ఫారం తన వైపు తిప్పుకుని చదువుకుంది. "సో, జస్ట్ యు ఆన్ ది అకౌంట్?" అని నన్ను అడిగింది. ఒక మాట కొట్టేసి ఒక పేరు రాస్తే సరిపోతుంది. పెన్ను నా వైపే చాపి ఉంచింది. ఆయన కూడా నా వైపే చూస్తున్నాడు, చూడకపోయినా తెలుస్తోంది. నేనేమంటే అదే అన్నట్టు నిలబడ్డాడు.

"యెస్. జస్ట్ మీ" అన్నాను.

ఆమె వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టాను. 

బయట ఎండ ఇంకా దిగలేదు. కార్‌లో కూర్చుని సీట్ బెల్ట్ లాక్కున్నాను. అది పడలేదు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ జారిపోయింది. బకిల్ ఎక్కడుందో కనబడటం లేదు. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.  ఆయన ఇటు వంగి, నా చేతిలోంచి బెల్ట్ తీసుకుని పెట్టి, కార్ స్టార్ట్ చేశాడు.